బాబీ జోన్స్: ఎవరూ చూడని ఆ ఒక్క స్ట్రోక్.. చేతిదాకా వచ్చిన యూఎస్ ఓపెన్ పోయింది!

1925 యూఎస్ ఓపెన్. మసాచుసెట్స్‌లోని వూస్టర్ కంట్రీ క్లబ్. ఫస్ట్ రౌండ్, పదకొండో హోల్. బాబీ జోన్స్ కొట్టిన బాల్ గుబురు గడ్డిలో పడింది. తర్వాతి షాట్ కోసం క్లబ్ ఆనించగానే బాల్ కాస్త కదిలింది. అంతే. అంపైర్ చూడలేదు, పక్కన ఆడుతున్న ప్లేయర్ చూడలేదు, జనం కూడా చూడలేదు. కానీ జోన్స్ చూశాడు. బాల్ కదిలింది, నాకు ఒక స్ట్రోక్ పెనాల్టీ వేయండని తనే వెళ్లి చెప్పాడు. అధికారులు అక్కడున్నవాళ్లని అడిగి చూశారు. ఎవరూ చూడలేదన్నారు. చివరికి నిర్ణయం జోన్స్‌కే వదిలేశారు. అతను మాట మార్చలేదు. కార్డు మీద ఒకటి కలిపారు.

ఆ ఒక్కటి ఎంత ఖరీదైందో అర్థం కావాలంటే గోల్ఫ్ లెక్క కొంచెం తెలియాలి. క్రికెట్‌లో ఎన్ని ఎక్కువ కొడితే అంత గొప్ప. ఇక్కడ అంతా ఉల్టా. బాల్‌ని గుంతలో వేయడానికి ఎన్నిసార్లు కొట్టారో అదే స్కోరు. తక్కువ కొట్టినోడే విన్నర్. ఒక్కో హోల్‌కి ఇన్ని షాట్లు సరిపోవాలి అని ముందే ఒక నంబర్ ఉంటుంది, దాన్నే పార్ అంటారు. పార్ 4 హోల్‌ని 3లో ముగిస్తే బర్డీ, 2లో అయితే ఈగిల్, 5 పడితే బోగీ. రౌండ్‌కి 18 హోల్స్. యూఎస్ ఓపెన్‌లో నాలుగు రౌండ్లు, అంటే 72 హోల్స్. మొత్తం స్ట్రోకులు కూడి ఎవరిది తక్కువో చూస్తారు. దీని పేరు స్ట్రోక్ ప్లే.

72 హోల్స్ అయ్యాక జోన్స్ స్కోరు 291. విల్లీ మాక్‌ఫర్లేన్ స్కోరూ 291. ఆ పెనాల్టీ లేకపోతే 290.. టైటిల్ అక్కడికక్కడే జోన్స్‌ది! టై కావడంతో ఇంకో 18 హోల్స్ ఆడించారు. ఇద్దరూ 75. మళ్లీ 18 ఆడించారు. మాక్‌ఫర్లేన్ 72, జోన్స్ 73. ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో కప్పు పోయింది. అప్పటికి అతని వయసు 23. తర్వాత దీనికి ఎవరైనా మెచ్చుకుంటే జోన్స్‌కి నచ్చేది కాదు. రూల్ పాటించడం కూడా గొప్పేనా అన్నది అతని లెక్క.

అయితే ఇతను మొదటినుంచీ ఇంత కూల్ కాదు. 1902 మార్చి 17న అట్లాంటాలో పుట్టాడు. ఒంట్లో బాగుండని పిల్లాడు. ఈస్ట్ లేక్ కోర్స్ పక్కనే ఇల్లు, అక్కడ స్టివార్ట్ మైడెన్ అనే స్కాట్లాండ్ ప్రొఫెషనల్ స్వింగ్ చూసి చూసి నేర్చుకున్నాడు. 14 ఏళ్లకే యూఎస్ అమెచ్యూర్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. టాలెంట్ ఎంతుందో కోపం కూడా అంతే! క్లబ్బులు విసిరేసేవాడు.

ఆ కోపం 1921లో బయటపడింది. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, బ్రిటిష్ ఓపెన్ మూడో రౌండ్. మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 పడింది. పదకొండో హోల్‌లో బాల్ ఇసుక బంకర్‌లో ఇరుక్కుంది. ఎంతకీ రాలేదు. విసుగొచ్చి హోల్ ముగించకుండానే బాల్ చేత్తో తీసేశాడు. స్ట్రోక్ ప్లేలో ఇది కుదరదు. ప్రతి హోల్ పూర్తి చేసి తీరాలి, లేదంటే స్కోరే లేదు. టోర్నీ నుంచి ఔట్.

అదే మ్యాచ్ ప్లే అయితే కథ వేరు. అందులో ఇద్దరే ప్రత్యర్థులు, హోల్ హోల్‌కీ లెక్క. ఒక హోల్‌లో 10 కొట్టి ఓడినా, 5 కొట్టి ఓడినా పోయేది ఒక్క హోలే. బాల్ తీసేసి ఆ హోల్ వదిలేసుకుని ముందుకెళ్లొచ్చు. ఇక స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంకో పద్ధతి ఉంది, ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లిష్ డాక్టర్ పెట్టింది. పార్‌కి 2 పాయింట్లు, బర్డీకి 3, బోగీకి 1, అంతకంటే చెడితే సున్నా. ఎక్కువ పాయింట్లు వచ్చినోడు గెలిచినట్టు. చెత్త హోల్ పడితే సున్నా వేసుకుని పోవచ్చు. కానీ దీన్ని పోటీలో వాడింది 1932లో. జోన్స్‌కి పదేళ్లు లేటు!

జోన్స్ అసలు స్పెషాలిటీ ఇక్కడే ఉంది. స్ట్రోక్ ప్లేలో కోర్స్‌తో పోటీ, మ్యాచ్ ప్లేలో ఎదుటి మనిషితో పోటీ. రెండిటికీ కావాల్సిన బుర్ర వేరు. 1930లో అతను రెండూ గెలిచాడు. మేలో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ అమెచ్యూర్, అది మ్యాచ్ ప్లే. తర్వాత హాయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్, ఇంటర్‌లాకెన్‌లో యూఎస్ ఓపెన్, ఈ రెండూ స్ట్రోక్ ప్లే. సెప్టెంబర్‌లో మెరియన్‌లో యూఎస్ అమెచ్యూర్. అక్కడ క్వాలిఫైయింగ్ స్ట్రోక్ ప్లే, ఆ తర్వాత మ్యాచ్ ప్లే. ఫైనల్ స్కోరు 8 అండ్ 7. అంటే జోన్స్ 8 హోల్స్ లీడ్‌లో ఉన్నాడు, మిగిలినవి 7 మాత్రమే. అవన్నీ ఓడినా గెలుపు గెలుపే, అందుకే 36 హోల్స్ ఫైనల్ 29వ హోల్‌లోనే అయిపోయింది. ఒకే ఏడాది నాలుగు టైటిళ్లు! ఆ నాలుగింటినీ ఒకే సీజన్‌లో ఇంకెవరూ గెలవలేదు.

ఇంత ఆడినా టోర్నీల్లో రూపాయి ప్రైజ్ మనీ తీసుకోలేదు. చివరిదాకా అమెచ్యూరే, బతుకుతెరువు లాయర్ పని. మొత్తం 13 మేజర్లు గెలిచి 28 ఏళ్లకే పోటీలకు గుడ్‌బై చెప్పేశాడు. తర్వాత క్లిఫర్డ్ రాబర్ట్స్‌తో కలిసి అగస్టా నేషనల్ కట్టించాడు. 1934లో అక్కడ మొదలైన టోర్నీయే నేటి మాస్టర్స్. ఇప్పుడు టీవీలో ప్లేయర్ పేరు పక్కన పార్‌కి ఎంత కింద, ఎంత పైన అని చూపిస్తారు కదా, ఆ తరహా స్కోర్‌బోర్డు 1960లో పెట్టిందీ అక్కడే.

వెన్నెముకకు వచ్చిన సిరింగోమైలియా అనే జబ్బుతో 1948 తర్వాత జోన్స్ గోల్ఫ్ ఆడలేదు. చివరికి వీల్‌చైర్‌కే పరిమితమయ్యాడు. 1958లో సెయింట్ ఆండ్రూస్ నగరం అతన్ని పిలిచి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తర్వాత ఆ గౌరవం దక్కిన అమెరికన్ జోన్సే. 1971 డిసెంబర్ 18న అట్లాంటాలో చనిపోయాడు. ఓల్డ్ కోర్స్‌లో పదో హోల్‌కి ఇప్పుడు బాబీ జోన్స్ అనే పేరు. అది దాటగానే వచ్చేది, 1921లో అతను బాల్ తీసేసిన ఆ పదకొండో హోలే.