మెకంజీకి తెలుగు రాదు

సెమిస్టర్ సెలవుల్లో మనమే కారు నడుపుకుంటూ ఏదైనా పాత చోటు చూసి వద్దామని మా హాస్టల్ రూమ్‌లో నెల రోజులుగా ప్లాన్ నడుస్తోంది. మొదట వచ్చిన పేరు నాసస్. గ్రీస్ దేశంలో క్రీట్ అనే దీవిలో ఉన్న, దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి మినోవన్ రాజభవనం అది. మా ఫ్రెండ్ ఒకడు దాన్ని ఏదో గేమ్‌లో చూశాడట. హెరాక్లియన్‌లో దిగి కారు అద్దెకు తీసుకుంటే అక్కడికి ఐదు కిలోమీటర్లే అని మ్యాప్ తీసి మరీ చూపించాడు. అంతా బాగానే ఉంది గానీ మా నలుగురిలో ఒక్కడికీ పాస్‌పోర్ట్ లేదు.

అలా క్రీట్ నుంచి జరుగుతూ జరుగుతూ వచ్చి అమరావతి స్తూపం దగ్గర ఆగాం. మాది రావికమతం. ఇంటి దగ్గర బయలుదేరి నర్సీపట్నం మీదుగా తుని దగ్గర హైవే ఎక్కితే అన్నవరం, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఆ తర్వాత అమరావతి. మూడొందల కిలోమీటర్ల పైమాటే. సెల్ఫ్ డ్రైవ్ కారు కోసం అడిగితే ఇరవై ఒకటి నిండాలన్నారు. నాకు పంతొమ్మిది. ఇక్కడే ముగ్గురు ఫ్రెండ్స్ జారుకున్నారు. చివరికి మా బాబాయి తన కారు ఇస్తానన్నాడు, పక్క సీట్లో తను కూర్చుంటానన్న షరతు మీద. అది విని తాత తనూ వస్తానన్నాడు. ఆయనకి అమరేశ్వరుడి గుడి కావాలి, నాకు స్తూపం కావాలి.

నాసస్ గురించి చదివినప్పుడు ఒక విషయం మనసులో ఉండిపోయింది. ఆ భవనం అనగానే అందరూ చెప్పే పేరు ఆర్థర్ ఎవాన్స్. 1900లో పెద్ద ఎత్తున తవ్వకం మొదలుపెట్టిన ఇంగ్లీషాయన. కానీ అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1878లో, అక్కడ తవ్వి చూసింది క్రీట్‌కే చెందిన ఒక వర్తకుడు, మినోస్ కలోకైరినోస్. ఆయన పేరు ఎంతమందికి తెలుసు? అమరావతిలో కూడా ఇలాగే జరిగిందా అని వెతికితే కాలిన్ మెకంజీ దొరికాడు. ఆయన పక్కనే మన ఏలూరు కుర్రాడు కూడా దొరికాడు. ఇక ప్లాన్ పక్కన పెట్టి వాళ్ల గురించే చదువుతూ కూర్చున్నాను.

మెకంజీ పుట్టింది 1754 ప్రాంతంలో, స్కాట్లాండ్‌కి పడమటగా సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే ఊళ్లో. అక్కడ కస్టమ్స్ శాఖలో ఉద్యోగం చేశాడు. మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే ముక్క ఇక్కడే ఉంది. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవిత చరిత్ర రాయాలని ఆ వంశానికే చెందిన ఒక ప్రభువు అనుకున్నాడు. దానికోసం పూర్వం హిందువులకు ఏ లెక్కలు తెలుసో వెతికే పని మెకంజీకి తగిలింది. అంటే ఈ మనిషిని మన దేశం వైపు లాగిన వాటిలో లాగ్ టేబుల్ కూడా ఒకటన్నమాట. 1783లో, ముప్ఫైకి దగ్గర పడ్డ వయసులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. కొన్నాళ్లకు ఇంజనీర్ల విభాగంలోకి మారాడు.

దిగగానే గొప్పవాడైపోయాడని అనుకోకండి. మొదటి పదమూడేళ్లు ఆయన చరిత్ర పని దాదాపు సున్నా. యుద్ధాలు, కోటల ముట్టడి, రోడ్లు, కొలతలు, వీటితోనే సరిపోయింది. రెండోది, అసలైనది, భాష. ఆయనకి తెలుగు రాదు, తమిళం రాదు, కన్నడం రాదు, సంస్కృతం రాదు. గుళ్లో రాయి కనబడుతుంది, దాని మీద రాత కనబడుతుంది, చదవలేడు. ఆ పదమూడేళ్లు ఎలా పోయాయో తర్వాత ఆయనే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. తన పనికి అసలైన మొదలు ఒక మనిషి పరిచయమేనని కూడా చెప్పుకున్నాడు.

ఆ మనిషి కావలి వెంకట బొర్రయ్య. ఏలూరువాడు. 1796 ప్రాంతంలో మెకంజీ దగ్గర చేరేసరికి ఇరవై ఏళ్లు, అంటే మన సీనియర్ల వయసు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు తెలుసు. కవిత్వం రాసేవాడు. అన్నిటికీ మించి, పాత లిపుల్లో ఉన్న శాసనాలను విప్పి చదవడంలో గట్టివాడు. మెకంజీ దగ్గర కొలిచే పరికరాలు, డబ్బు, కంపెనీ పేరు ఉన్నాయి. బొర్రయ్య దగ్గర భాష ఉంది. ఇద్దరూ కలిశాకే పని నడిచింది.

ఆ పని ఎలా చేశారో చూస్తే ఇప్పటి డేటా సేకరణ గుర్తొస్తుంది. ఊరికి ఒక మనిషిని పంపుతారు. కరణాన్ని, పూజారిని, పెద్దవాళ్లను కలిసి అవే ప్రశ్నలు ప్రతి ఊళ్లోనూ అడుగుతారు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరు ఇచ్చారు, ఏ రాజు తర్వాత ఏ రాజు, శాసనాలు ఎక్కడున్నాయి. వచ్చినదంతా రాసి పంపుతారు. వాటినే కైఫీయతులు అంటారు. మన ఊళ్ల చరిత్ర గురించి ఇవాళ ఎవరు పుస్తకం రాసినా వాటిని తిరగేయక తప్పదు. ఇదంతా మన మీద ప్రేమతో చేసిన పని అని చెప్పను. శిస్తు వసూలు చేయాలంటే భూమి సంగతి తెలియాలి, రాజ్యం చేయాలంటే మనుషుల సంగతి తెలియాలి. కంపెనీకి ఆ అవసరం ఉంది. కానీ మెకంజీ సేకరించింది కంపెనీకి కావలసినదానికంటే చాలా ఎక్కువ. సొంత జీతం కూడా దాని మీదే పెట్టాడు.

అమరావతి కథ కూడా ఆ రోజుల్లోదే. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నాడు. (ఈ చింతపల్లి మన మన్యంలోది కాదు, కృష్ణ ఒడ్డుది.) కట్టడాలకి రాయి కావాలి. దగ్గర్లో దీపాలదిన్నె అని ఒక దిబ్బ ఉంది. తవ్వితే లోపల చెక్కిన సున్నపురాళ్లు. కబురు తెలిసి 1797-98 ప్రాంతంలో మెకంజీ వెళ్లి చూశాడు. అది బౌద్ధ స్తూపమని అప్పటికి ఆయనకీ తెలియదు. కానీ ఇది మామూలు చోటు కాదని అర్థమైంది. చూసింది రాసుకుని పోయాడు, ఎందుకంటే యుద్ధం పిలిచింది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయాక మైసూరు సర్వే మెకంజీ చేతికి వచ్చింది. సుమారు నలభై వేల చదరపు మైళ్ల నేల. దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పని సగంలో ఉండగానే, 1803లో, బొర్రయ్య చనిపోయాడు. ముప్ఫై కూడా నిండలేదు. శాసనాలు చదివాడు గానీ, ఎలా చదివాడో, ఏ అక్షరాన్ని ఎలా పోల్చుకున్నాడో, అదంతా ఆయనతోనే పోయింది. తమ్ముడు లక్ష్మయ్య ఆ చోటులోకి వచ్చి చివరిదాకా పని నడిపాడు. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కన్ కవుల చరిత్రలు ఇంగ్లీషులో పుస్తకంగా వేశాడు.

మెకంజీ 1811లో జావా యుద్ధానికి వెళ్లాడు. అక్కడా రాతప్రతులు పోగుచేశాడు, అక్కడే ఒక డచ్చి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 1815లో ఆయన్ని మొత్తం ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్‌గా వేశారు. ఆ మరుసటి ఏడు, 1816లో, మళ్లీ అమరావతి వెళ్లాడు. ఇరవై ఏళ్ల కింద చూసిన దిబ్బ లేదు. నడిమి భాగం తవ్వేసి చెరువులా గుంట చేశారు. మిగిలిన రాళ్లను ఒక్కొక్కటీ కొలిచి బొమ్మలు గీయించాడు. ఇవాళ ఆ రాళ్లలో కొన్ని లండన్‌లో ఉన్నాయి, కొన్ని చెన్నైలో ఉన్నాయి, కొన్ని అసలే లేవు. లేనివాటికి ఆ బొమ్మలే మిగిలిన సాక్ష్యం.

అదే ఏడు థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ వేశాడు. నెట్‌లో దొరుకుతుంది, చూడండి. మధ్యలో ఎర్ర కోటులో మెకంజీ, చుట్టూ ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు మనవాళ్లు. వాళ్లలో బొర్రయ్య లేడు, అప్పటికే పోయి పదమూడేళ్లు.

1821 మే 8న మెకంజీ కలకత్తా దగ్గర చనిపోయాడు. తను పోగుచేసిందాన్నంతా ఒక వరసలో పెట్టి రాయాలన్న ఆశ తీరలేదు. ఆ సేకరణని కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకి కొన్నది. 1828లో అచ్చైన కేటలాగ్ లెక్క ప్రకారం 1,568 రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు. ఆ పని తను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. ఇలాంటి పని నడిపే తాహతు ఒక భారతీయుడికి ఉండదని వాళ్ల లెక్క. ఆ తర్వాత తెలుగు కైఫీయతులు మద్రాసులో పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ పూనుకుని నకళ్లు రాయించి కాపాడాడు.

ఇదంతా చదివాక నేను మెకంజీని మెచ్చుకోవాలో, తిట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను. తేలింది ఒక్కటే, ఆయన పరిస్థితే నాది కూడా అని.

మా ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. అందులో ముత్తాత నాటి పొలం కాగితాలు, ఉత్తరాలు, ఒక లెక్కల పుస్తకం. అంతా గొలుసుకట్టు రాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య చెయ్యి ఎత్తకుండా రాసిన తెలుగు. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. అచ్చు తెలుగే నిదానంగా చదువుతాను, ఇది ఒక్క ముక్క అర్థం కాదు. కిందటి సంక్రాంతికి ఫోన్‌తో అరవై పేజీలు ఫొటోలు తీశాను, ఏదో ఒక యాప్ చదివేస్తుందిలే అని. అది ఇచ్చిందంతా చెత్త. ఇంట్లో ఆ రాత చదవగలిగేది తాత ఒక్కడే. ఆయనకి షుగర్. కుడి కన్ను ఇప్పటికే సరిగా ఆనడం లేదు. ఆయన్ని చదవమని నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు. ఫొటోలు తీశాను కదా, పని అయిపోయింది అనుకున్నాను. మెకంజీ మొదటి పదమూడేళ్లూ నేను చేసిందీ ఒకటే.

అందుకే ప్లాన్ కొద్దిగా మారింది. వెళ్లేది శనివారం, ఎందుకంటే శుక్రవారం అక్కడి మ్యూజియం సెలవు. బయలుదేరడం తెల్లవారి నాలుగింటికి, తాత మాత్రలు, టిఫిన్ డబ్బాతో సహా. ఏలూరులో టీకి ఆగుతాం. అక్కడ చూడడానికి బొర్రయ్య ఇల్లేమీ ఉండదు, అయినా ఆగుతాం. ఈలోగా రోజూ సాయంత్రం రెండు పేజీలు. తాత చదువుతాడు, నేను రాసుకుంటాను. ఏ అక్షరం ఎక్కడ విరుగుతుందో కూడా అడిగి పక్కన గీసుకుంటున్నాను.

మొదటి రోజు రెండో పేజీలో మా పొలం హద్దు దగ్గర ఒక చింతచెట్టు గురించి ఉంది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. తాత కళ్లజోడు తీసి తుడుచుకుని, దాని కింద తను చిన్నప్పుడు ఆడుకున్నానని చెప్పాడు. అది కాగితంలో లేదు. రాసుకున్నాను.