హెరాల్డ్ లార్వుడ్

1904 నవంబర్ 14న ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో నన్‌కార్‌గేట్ గ్రామంలో జన్మించిన హెరాల్డ్ లార్వుడ్ ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ క్రికెట్ క్రీడాకారుడు. కుడిచేతి ఫాస్ట్ బౌలరైన ఇతడు తన కాలంలో అత్యంత వేగంగా బంతులు విసిరే బౌలరుగా పేరు పొందాడు. 1932-33లో జరిగిన బాడీలైన్ సీరీస్‌లో ఇంగ్లాండు విజయానికి ప్రధాన కారకుడైననూ, ఆ సీరీస్ తరువాత మళ్ళీ టెస్ట్ క్రికెట్ ఆడలేదు.

బాల్యం

లార్వుడ్ తండ్రి బొగ్గుగని కార్మికుడు. లార్వుడ్ కూడా 14వ ఏట గనిలో చేరి, బొగ్గుబండ్లను లాగే పొట్టి గుర్రాలను తోలే పని చేశాడు. గ్రామ జట్టులో అతని ఆటను గమనించిన టెస్ట్ క్రీడాకారుడు జో హార్డ్‌స్టాఫ్ సిఫారసుతో నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీ జట్టులో అవకాశం లభించింది. ఆ కాలంలో ఇంగ్లాండు క్రికెట్‌లో జీతం తీసుకొని ఆడే వృత్తి క్రీడాకారులు, జీతం లేకుండా ఆడే సంపన్న వర్గపు అమెచ్యూర్లు అని రెండు తరగతులు ఉండేవి. జట్టు నాయకత్వం సాధారణంగా అమెచ్యూర్లకే దక్కేది. లార్వుడ్ వృత్తి క్రీడాకారుడు.

క్రికెట్ జీవితం

1924లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనూ, 1926లో లార్డ్స్ మైదానంలో ఆస్ట్రేలియాపై టెస్ట్ క్రికెట్‌లోనూ ఆరంగేట్రం చేశాడు. పొడగరి కాకపోయిననూ లయబద్ధమైన పరుగు, బలమైన భుజాలు, గురి తప్పని బౌలింగ్ అతని ప్రత్యేకతలు. బిల్ వోస్‌తో కలిసి 1929లో నాటింగ్‌హామ్‌షైర్‌కు కౌంటీ చాంపియన్‌షిప్ సాధించిపెట్టాడు. అయితే 1930లో డాన్ బ్రాడ్‌మన్ ఒకే సీరీస్‌లో 974 పరుగులు సాధించినప్పుడు లార్వుడ్ కూడా అతనిని నిలువరించలేకపోయాడు.

బాడీలైన్ సీరీస్

బ్రాడ్‌మన్‌ను కట్టడి చేయడానికి కెప్టెన్ డగ్లస్ జార్డిన్ 1932-33 ఆస్ట్రేలియా పర్యటనలో కొత్త వ్యూహం అనుసరించాడు. లెగ్‌సైడ్‌లో ఫీల్డర్లను దగ్గరగా మోహరించి, బ్యాట్స్‌మన్ శరీరానికి గురిపెట్టి ఎగిరే బంతులు వేయించడమే ఆ వ్యూహం. దానిని అమలు చేయగల వేగం, గురి లార్వుడ్‌కు ఉన్నాయి. సిడ్నీలో జరిగిన తొలి టెస్టులో అతడు 10 వికెట్లు పడగొట్టాడు. అడిలైడ్ టెస్టులో అతని బంతులు తగిలి ఆస్ట్రేలియా కెప్టెన్ బిల్ వుడ్‌ఫుల్ ఛాతీకి దెబ్బ తగలగా, వికెట్ కీపర్ బెర్ట్ ఓల్డ్‌ఫీల్డ్ పుర్రె ఎముక చిట్లింది. ఆ రెండు బంతులు వేసినప్పుడు ఫీల్డర్లు బాడీలైన్ పద్ధతిలో లేరు. అయిననూ ప్రేక్షకుల ఆగ్రహం లార్వుడ్‌పైనే మళ్ళింది. వివాదం రెండు దేశాల క్రికెట్ బోర్డుల మధ్య టెలిగ్రాముల యుద్ధంగా మారింది.

సీరీస్‌ను ఇంగ్లాండు 4-1తో గెలిచింది. లార్వుడ్ 19.51 సగటుతో 33 వికెట్లు సాధించాడు. బ్రాడ్‌మన్ సగటు 56.57కు పరిమితమైంది. సిడ్నీలో జరిగిన చివరి టెస్టులో నైట్‌వాచ్‌మన్‌గా బ్యాటింగుకు దిగి 98 పరుగులు చేసి, అక్కడి ప్రేక్షకుల కరతాళధ్వనులు అందుకున్నాడు. అదే టెస్టులో పాదానికి గాయమైననూ, బ్రాడ్‌మన్ ఔటయ్యే వరకు మైదానం వీడటానికి జార్డిన్ అనుమతించలేదు.

క్షమాపణ వివాదం

స్వదేశం చేరిన తరువాత, తన బౌలింగ్ తీరుకు ఎం.సి.సి.కి క్షమాపణ చెప్పవలసిందిగా లార్వుడ్‌ను కోరారు. కెప్టెన్ ఆజ్ఞ మేరకే బౌలింగ్ చేసినందున తాను చేసిన తప్పేమీ లేదని అతడు నిరాకరించాడు. ఆజ్ఞ ఇచ్చిన అమెచ్యూర్ జార్డిన్ మాత్రం 1933-34లో భారత పర్యటనకు కూడా కెప్టెన్‌గా వ్యవహరించాడు. లార్వుడ్ 28 ఏళ్ళకే టెస్ట్ క్రికెట్‌కు దూరమయ్యాడు. పాదం గాయం వల్ల పూర్వపు వేగం తగ్గిననూ 1938 వరకు కౌంటీ క్రికెట్‌లో కొనసాగి, 1936లో దేశవాళీ బౌలింగ్ సగటులో మళ్ళీ ప్రథమస్థానం పొందాడు.

చివరి జీవితం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత బ్లాక్‌పూల్‌లో మిఠాయి దుకాణం నడిపాడు. 1949లో ఎం.సి.సి. గౌరవ సభ్యత్వం ఇచ్చింది. మాజీ ప్రత్యర్థి జాక్ ఫింగిల్టన్ ప్రోత్సాహంతో 1950లో భార్య, ఐదుగురు కుమార్తెలతో ఆస్ట్రేలియాకు వలస వెళ్ళాడు. 1932లో ఇంగ్లాండు జట్టును తీసుకెళ్ళిన ఒరాంటెస్ నౌకలోనే ఈ ప్రయాణం కూడా సాగింది. ఒకప్పుడు తనను ద్వేషించిన దేశంలోనే ఆదరణ పొంది, సిడ్నీలో శీతలపానీయాల సంస్థలో పనిచేశాడు. 1993లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. పురస్కారంతో సత్కరించింది. 1995 జూలై 22న 90వ ఏట సిడ్నీలో మరణించాడు.

గణాంకాలు

లార్వుడ్ 21 టెస్టులు ఆడి 28.35 సగటుతో 78 వికెట్లు పడగొట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 361 మ్యాచ్‌లలో 17.51 సగటుతో 1427 వికెట్లు సాధించాడు.