కారాగారం నుండి గణక వృత్తికి : కుమారి ఆర్. శివభోగం

మన తెలుగులో లెక్కల మాటలు అనేకం ఉర్దూ ద్వారా వచ్చి స్థిరపడినవే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అనే మాటలు లేనిదే కిరాణా వర్తకునికి గాని, బ్యాంకు గుమాస్తాకు గాని పొద్దు గడవదు. ఇంటి పద్దులు పైసా పైసా సరిచూచేది కూడ తరచుగా ఇల్లాలే. అయినప్పటికీ లెక్కల తనిఖీ స్త్రీలకు తగిన వృత్తి కాదనే భావం మన సంఘంలో చిరకాలం పాతుకొని ఉన్నది. బి.కాం. తరగతులలో చురుకుగా చదివే విద్యార్థినులు సైతం చార్టర్డ్ అకౌంటెన్సీ మాట ఎత్తగానే వెనుకంజ వేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి పరీక్ష తప్పితే ఇంటిలో చదువు మాన్పించి పెండ్లి మాట తలపెడతారని వారి భయం. అట్టివారు తప్పక తెలిసికొనవలసిన జీవితం కుమారి ఆర్. శివభోగం గారిది. భారతదేశంలో గణక వృత్తి పరీక్షలో ఉత్తీర్ణులైన మొట్టమొదటి మహిళ ఆమె.

శివభోగం గారు 1907వ సంవత్సరం జూలై 23వ తేదీన జన్మించారు. ఆమె పెరిగిన మద్రాసు ఆనాడు తమిళులకే కాక ఆంధ్రులకు కూడ రాజధాని. బాల్యవితంతువై కూడ పట్టభద్రురాలై, అనాథ వితంతువుల విద్య కొరకు జీవితాన్ని ధారపోసిన సిస్టర్ సుబ్బలక్ష్మి గారి ప్రభావం ఆమెపై విద్యార్థి దశలోనే పడింది. 1914లో స్థాపితమైన క్వీన్ మేరీస్ కళాశాలలో ఆమె ఉన్నత విద్య నభ్యసించారు. అది మద్రాసు నగరంలో స్త్రీల కొరకు వెలసిన మొదటి కళాశాల.

ఆ దినాలలో దేశమంతటా గాంధీ మహాత్ముని పిలుపు మారుమ్రోగుతున్నది. శివభోగం గారు ఖద్దరు ధరించి స్వదేశీ ఉద్యమంలో ప్రవేశించారు. ఫలితంగా ఒక సంవత్సరం కారాగారవాసం అనుభవించవలసి వచ్చింది. కులీన కుటుంబాల స్త్రీలు గడప దాటడమే వింతగా తోచే కాలంలో చెరసాలకు వెళ్ళి వచ్చిన యువతి భవిష్యత్తును గురించి ఎవరికైనా సందేహం కలుగవచ్చును. కాని ఆమెకు కలుగలేదు. గణకశాస్త్రాన్ని వృత్తిగా స్వీకరించవలెనన్న సంకల్పం ఆ నిర్బంధ కాలంలోనే ఆమెలో దృఢపడింది.

ఆనాటి పరీక్షను గురించి కొంత చెప్పుకోవాలి. 1913 నాటి కంపెనీల చట్టం ఆడిటర్లకు యోగ్యతా పత్రం ఉండవలెనని విధించింది. 1918లో బొంబాయిలో గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ అనే పరీక్ష ఏర్పడింది. దానిలో ఉత్తీర్ణులై, ఆమోదం పొందిన అకౌంటెంటు వద్ద మూడేండ్లు శిక్షణ పూర్తి చేసినవారికే స్వతంత్రంగా తనిఖీ చేసే అధికారం లభించేది. ఇంగ్లండులో సైతం మేరీ హారిస్ స్మిత్ అనే మహిళకు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో సభ్యత్వం 1920లో గాని లభించలేదు. ఆ తరువాత పదమూడేండ్లకే, అనగా 1933లో, చెరనుండి వెలువడిన శివభోగం గారు ఈ డిప్లొమా పరీక్షలో కృతార్థులయ్యారు. పిమ్మట సి.ఎస్. శాస్త్రి గారి వద్ద శిక్షణ పొందారు.

పరీక్ష ముగిసినది గాని పరీక్షలు ముగియలేదు. కారాగార శిక్ష అనుభవించిన వారు అకౌంటెంట్లుగా నమోదు కారాదని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కష్టించి చదివిన చదువు అక్కరకు రాకుండ పోయే ప్రమాదం ఏర్పడింది. ఆమె అర్జీలతో కాలయాపన చేయక న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తీర్పు ఆమెకే అనుకూలమైనది. 1937లో ఆమె స్వతంత్రంగా వృత్తి ప్రారంభించారు.

1949 జూలై 1వ తేదీన చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమలులోనికి వచ్చి, నేటి సంస్థ అవతరించింది. 1950లో శివభోగం గారు దానిలో ఫెలో అయ్యారు. 1955 నుండి 1958 వరకు దక్షిణ భారత ప్రాంతీయ మండలికి అధ్యక్షత వహించారు. మన తెలుగు నేల నుండి ఈ వృత్తిలో ప్రవేశించే వారందరు ఆ మండలి పరిధిలోని వారే. 1956లో ఆమె ఒక బహుమతిని నెలకొల్పారు. తుది పరీక్షలో ప్రథమ ప్రయత్నంలోనే ఉత్తీర్ణులైన మహిళలలో ఉత్తమురాలికి అది చెందుతుంది. ఆమె అవివాహితగా, నిరాడంబరంగా, ఖద్దరు వీడక జీవించి, 1966 జూన్ 14న కన్నుమూశారు.

ఈ బహుమతి నియమమే విద్యార్థులకు ఒక పాఠం. తొలి ప్రయత్నంలో గెలుపు కేవలం తెలివికి దక్కేది కాదు, క్రమశిక్షణకు దక్కేది. నేటి విధానంలో ప్రతి పత్రంలోను కనీసం నూటికి 40, పత్రాలన్నిటి మొత్తంలో 50 శాతం మార్కులు రావలెను. ఇష్టమైన విషయంలో 80 తెచ్చుకొని, కష్టమైన దానిలో 38 దగ్గర ఆగిపోయినవారు పరీక్ష తప్పినట్లే. కనుక బలహీనమైన విషయానికే ఉదయపు వేళను కేటాయించవలెను. లెక్కను చదివి సరిపుచ్చుకొనక, కలం పట్టి చివరి వరకు చేయవలెను. తప్పిన లెక్కలకు ప్రత్యేకంగా ఒక పుస్తకం ఉంచి వారానికొకసారి తిరిగి చేయవలెను. గడియారం ఎదుట పెట్టుకొని పాత ప్రశ్నపత్రాలు వ్రాయవలెను.

తెలుగు అధ్యాపకునిగా నాకు తోచిన మరొక మాట. ఈ పరీక్షను ఆంగ్లంలో గాని, హిందీలో గాని మాత్రమే వ్రాయవచ్చును. ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన పిల్లలు చట్టం, తనిఖీ వంటి విషయాలలో భావం తెలిసియు వాక్యం కుదరక మార్కులు పోగొట్టుకొంటారు. వారు ముందుగా పాఠాన్ని తమ మాతృభాషలో తమకు తామే వివరించుకొనవలెను. ఆపై వర్తించే నియమం మొదట, ప్రశ్నలోని విషయం తరువాత, నిర్ణయం చివరగా, దినమునకొక పుట వ్రాయవలెను. ఆరు మాసాలు ఈ అభ్యాసం సాగితే భాష అడ్డుగోడ కాదు.

విద్యార్థినులారా! శివభోగం గారికి ముందు నడిచిన స్త్రీ ఈ దేశంలో ఒక్కరును లేరు. మీకు ముందు ఆమె ఉన్నారు. ఒక మారు తప్పితే మరల వ్రాయవచ్చును. ఒక సంవత్సరం చెరసాలకు పోయినా ఆమె చదువు ఆగలేదన్న సంగతి మీరు గుర్తుంచుకొనండి. మీ ఇంటి పెద్దలకు కూడ తెలియజెప్పండి.