సోలెదాద్ మిరాండా: ఒక మనిషి, రెండు పేర్లు

1970 తర్వాత కొన్నేండ్లు ఐరోపాల ఆడ రక్తపిశాచుల సిన్మాలు వరద లెక్క వచ్చినయ్. ఇంగ్లండ్‌ల హ్యామర్ కంపెనీ, ఫ్రాన్స్‌ల జాన్ రోలాన్, బెల్జియంల హ్యారీ క్యూమెల్, స్పెయినాయన జెస్ ఫ్రాంకో, అందరిదీ ఒకటే సరుకు. భయం సగం, శృంగారం సగం. ఇప్పటికీ వాటి ముక్కలు మన ఫోన్లల్ల తిరుగుతనే ఉన్నయ్. పెద్ద నల్ల కండ్లు, పొడుగు ఎర్ర స్కార్ఫ్‌తోని ఒకామె కనబడ్తది సూడుండ్రి, ఆమెనే సోలెదాద్ మిరాండా. ఆ సిన్మాల కంటె ఆమె బతుకే నాకు పెద్ద కత అనిపిస్తది.

1943 జులై 9న స్పెయిన్‌ల సెవిల్‌ల పుట్టింది. అసలు పేరు సోలెదాద్ రెందోన్ బుఏనో. లేని ఇల్లు. ఎనిమిదేండ్లప్పుడే ఫ్లమెంకో ఆట మొదలువెట్టింది, పదహారేండ్లకు సిన్మాల కోసం మాడ్రిడ్ పోయింది. 1960ల చిన్న చిన్న వేషాలు, పాప్ పాటల రికార్డులు, ఎవరు పిలిస్తె అటే. 1966ల ‘సౌండ్ ఆఫ్ హారర్’ అని ఒక సిన్మా వచ్చింది. అండ్ల డైనోసార్ ఉంటది గని ఎక్కువసేపు మన కంటికే కనబడది! పైసలు తక్కువైతె గట్లనే ఉంటది మరి. అండ్ల ఈమెతోని ఇంగ్రిడ్ పిట్ సుత ఉన్నది. నాలుగేండ్లకు ఆ పిట్ ఇంగ్లండ్‌ల, ఈమె ఫ్రాంకో దగ్గర, ఇద్దరూ రక్తపిశాచులే అయిండ్రు.

నడుమల పోర్చుగల్‌కు చెందిన ఒక రేసు కార్ల డ్రైవర్‌ను పెండ్లి చేసుకున్నది. కొడుకు పుట్టిండు. కొన్నొద్దులు సిన్మాలు పక్కకు వెట్టి మళ్ల వచ్చింది. గప్పుడే జెస్ ఫ్రాంకో ఆమెను ‘కౌంట్ డ్రాకులా’ల లూసీ వేషానికి తీస్కున్నడు. క్రిస్టఫర్ లీ డ్రాకులా. ఆ తర్వాత ఏడాది తిరగకముందే ఒకదానెనక ఒకటి సిన్మాలు. అన్నిట్ల పేరువడ్డది ‘వాంపైరోస్ లెస్బోస్’. ఇస్తాంబుల్ల నడిచే కత. పాత డ్రాకులా కతను తిరగేసి ఇద్దరాడోళ్ల నడుమ వెట్టిండు. ఆస్తి కాయితాల పని మీద వచ్చిన ఒక ఆడామె, ఆమె కోసం కాచుకున్న కౌంటెస్. ఈ పిశాచికి ఎండంటె భయం లేదు. పట్టపగలు సముద్రం ఒడ్డుకు పండుకుంటది. సోలెదాద్ పెద్దగ మాట్లాడది, కదలది సుత. కండ్లతోనే పని కానిస్తది. సిన్మా అక్కడక్కడ నత్తనడక నడుస్తది గని ఆమె తెర మీదికొస్తె చూపు తిప్పలేం.

అసలు ముచ్చట ఇక్కడున్నది. ఆ సిన్మాల్ల ఆమె పేరు సోలెదాద్ మిరాండా కాదు, సుసాన్ కోర్దా. ఎందుకంటె స్పెయిన్ అప్పుడు నియంత ఫ్రాంకో చేతుల ఉన్నది (ఈ ఫ్రాంకో వేరు, సిన్మా ఫ్రాంకో వేరు). చర్చి, సెన్సార్ రెండూ మెడ మీద కూసున్నయ్. బట్టలు లేకుంట కనబడితె అమ్మానాయినల మొహం ఏం గావాలె? అందుకే పేరు దాసుకున్నది. దర్శకుడు సుత పదుల పేర్లు మార్చిండు, గని ఆయనకది యాపారం. ఈమెకు భయం. ఒకే సిన్మాకు ఇద్దరూ పేరు మార్చుకున్నా, ఇంటి పరువు మోసింది మాత్రం ఆడబిడ్డే. నాకు కోపమొచ్చేది గీడనే.

1970 ఆగస్టు 18న లిస్బన్ దగ్గర రోడ్డు మీద భార్యాభర్తలు పోతున్న కారుకు యాక్సిడెంటయింది. ఆయన బతికిండు, ఆమె పోయింది. 27 ఏండ్లు. కొడుకు ఇంకా పసివాడే. ‘వాంపైరోస్ లెస్బోస్’ జర్మనీల విడుదలయింది మరుసటేడు జులైల. తనను ఇయ్యాల ప్రపంచం యాది చేసే సిన్మాను ఆమె హాల్ల కూసోని సూడనే లేదు.

పాతికేండ్లకు, 1995ల, ఆ సిన్మా సంగీతం సీడీగ వచ్చి కొత్త పోరగాండ్లను ఊపింది. 1997ల టారంటినో ‘జాకీ బ్రౌన్’ల అండ్లకెల్లి ఒక ముక్క వాడుకున్నడు. సంగీతం ఎనుక సిన్మా, సిన్మా ఎనుక ఆమె మొహం బయటికొచ్చినయ్. సుసాన్ కోర్దా అంటె ఇప్పుడు ఎవరికీ ఎరుక లేదు, అందరూ సోలెదాద్ మిరాండా అనే అంటరు.

ఆమెను కొత్తగ సూసేటోళ్లుంటె, ముందుగాల ‘కౌంట్ డ్రాకులా’ సూడుండ్రి. అండ్ల ఆమె సొంత పేరే వడ్తది.