చిలకలగూడ పంతులమ్మ ఈశ్వరీబాయి గారు

జె. ఈశ్వరీబాయి గారి పేరు చెప్పగానే మనలో చాలామందికి శాసనసభ గుర్తుకు వస్తుంది. రిపబ్లికన్ పార్టీ, తెలంగాణా ఉద్యమం గుర్తుకు వస్తాయి. అది సహజమే. కాని మన సికింద్రాబాదులో, ముఖ్యంగా చిలకలగూడలో, ఆమె మొదట పంతులమ్మ. ఎన్నికలు, పదవులు ఆ తరువాతి సంగతి. వాటిని గురించి వ్రాసినవారు ఉన్నారు కనుక ఈ నాలుగు మాటలు ఆమె చదువును గురించి, ఆమె చెప్పిన చదువును గురించి వ్రాస్తున్నాను. మిషను బడులు ఈ ఊరికి ఏమి చేశాయని అడిగేవారికి కూడ ఆమె జీవితంలో కొంత సమాధానం దొరుకుతుంది.

ఈశ్వరీబాయి గారు 1918 డిసెంబరు 1న చిలకలగూడలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. తండ్రి బల్లెపు బలరామస్వామి గారు, తల్లి రాములమ్మ గారు. తండ్రిగారిది రైల్వే ఉద్యోగం. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చిన తరువాత స్టేషను చుట్టుప్రక్కల పేటలన్నీ ఆ ఉద్యోగాల మీదనే పెరిగాయి. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇల్లు కనుక పిల్లను బడికి పంపే ఆలోచన చేయగలిగారు. అయితే ఏ బడికి? అంటరానితనం గట్టిగా ఉన్న ఆ రోజుల్లో దళిత బాలికను చేర్చుకొనే బడులే తక్కువ. ఆమెకు అక్షరాభ్యాసం జరిగింది ఎస్.పి.జి. మిషను బడిలో. తరువాత కీస్ హైస్కూలులో చదివారు. ఆంగ్లికను సంఘానికి చెందిన ఆ మిషను ఆ పూట ఆ తలుపు తెరిచి ఉంచకపోతే తరువాతి కథ ఏదీ లేదు.

పదమూడవ ఏట పెళ్ళయింది. వరుడు జెట్టి లక్ష్మీనారాయణ గారు పూనాలో దంతవైద్యులు. బాలికకు పదునాలుగేళ్ళు నిండనిదే పెండ్లి కూడదని 1929లో శారదా చట్టం వచ్చినా అది బ్రిటిషు ఇండియా వరకే. నైజాము రాజ్యంలో దానికి చెల్లుబాటు లేదు. ఉన్నచోట కూడ ఎంత పాటించారో మన పెద్దల పెళ్ళినాటి వయస్సులే చెబుతాయి! పూనా అంటే 1848లోనే ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి తెరచిన ఊరు. ఈశ్వరీబాయి గారు అక్కడికి వెళ్ళింది మాత్రం కోడలిగా. ఆ కాపురం నిలువలేదు. ఆమె చిలకలగూడకు, పుట్టింటికి తిరిగి వచ్చేశారు.

ఆ రోజుల్లో అత్తవారిల్లు విడిచి వచ్చిన ఆడపడుచు గతి ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. వంటింట్లో ఒక మూల, వచ్చేపోయేవారి సానుభూతి, వెనుక గుసగుసలు. ఈశ్వరీబాయి గారు ఆ మూలన కూర్చోలేదు. పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా చేరారు. చాలకపోతే ట్యూషన్లు చెప్పారు. ఒకరి చేయి చూడకుండ బ్రతకడానికి ఆమెకున్న ఆస్తి మిషను బడిలో నేర్చిన చదువొక్కటే. కూతురు గీతను పెంచింది కూడ ఆ చదువుతోనే.

తన పొట్ట గడిస్తే చాలుననుకొనే మనిషి అక్కడితో ఆగేవారు. ఆమె చిలకలగూడలోనే గీతా విద్యాలయం అనే బడిని స్థాపించారు. కూతురి పేరే బడికి పెట్టుకొన్నారు. ఇంటి బిడ్డకూ బడి పిల్లలకూ తేడా చూడని తల్లి గనుక ఆ పేరు అలా కుదిరిందని నాకు తోస్తుంది. అక్కడ చదువుతోపాటు స్త్రీలకు కుట్టుపని, చిత్రలేఖనం, చేతిపనులు కూడ నేర్పే ఏర్పాటు చేశారు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదువు వచ్చిన ఆడవారు నూటికి తొమ్మిదిమంది లోపే. పేదపేటల్లో ఇంకా తక్కువ ఉండి ఉంటారు. అటువంటి పేటలో పెద్దవయస్సు స్త్రీని పిలిచి పుస్తకం ఒక్కటే చేతిలో పెడితే ఎన్నాళ్ళు వస్తుంది? పలకతోపాటు సూదీదారం ఇస్తే నాలుగు డబ్బులు చేతికి వస్తాయి, ఇంట్లో మాటకు విలువ వస్తుంది. ఇది పుస్తకాల్లో చదివి తెలిసికొన్న సంగతి కాదు. ఆమె అనుభవించి తెలిసికొన్నది.

పేట జనం ఆమెను 1950వ దశకంలో పురపాలక సంఘానికి ఎన్నుకొన్నారు. అంబేద్కరు గారి మార్గాన్ని పట్టి రిపబ్లికన్ పార్టీలో నాయకురాలయ్యారు. 1967లో నిజామాబాదు జిల్లా ఎల్లారెడ్డి నుండి టి.ఎన్. సదాలక్ష్మి గారి మీద గెలిచారు. సదాలక్ష్మి గారు అప్పటికే మంత్రిగా, ఉపసభాపతిగా పనిచేసిన దిట్ట, ఆమె కూడ దళిత మహిళే. ఇద్దరు దళిత స్త్రీలు అలా ఎదురెదురుగా నిలిచి పోటీ చేయడం ఆనాటికి చిన్న విషయం కాదు. 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా దహనం చేసినప్పుడు శాసనసభలో ఆమె గొంతు గట్టిగా వినిపించింది. 1972లో మళ్ళీ ఎల్లారెడ్డి నుండే గెలిచారు. తరగతిగదిలో వెనుక వరుస వరకు వినబడేలా మాట్లాడడం అలవాటైనవారికి సభలో మైకు అవసరం ఉండదేమో!

గీత గారు వైద్యురాలయ్యారు. 1989లో గజ్వేలు నుండి శాసనసభకు ఎన్నికై మంత్రి కూడ అయ్యారు. పుట్టింటి వరండాలోంచి మొదలైన ప్రయాణం అంతదూరం రావడం తల్లి కళ్ళారా చూశారు. 1991 ఫిబ్రవరిలో ఈశ్వరీబాయి గారు కన్నుమూశారు.

తరువాత సికింద్రాబాదులోనే ఆమె పేరిట నర్సింగు విద్యాలయం ఒకటి ఏర్పడింది. చదువుతోపాటు చేతికి పని కూడ నేర్పే బడి అది. చిలకలగూడ పంతులమ్మ పేరు పెట్టడానికి తగిన చోటే దొరికింది.