పోరుమామిళ్ల చెరువు కట్టించిన భాస్కరుడు

విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారులలో మన సీమవారు ఎక్కువగా ఎరిగినవాడు పెనుకొండను ఏలిన విరుపణ్ణ. అతని సోదరుడైన భాస్కరుడు, భవదూరుడను మరొక పేరు గలవాడు, తండ్రి ఆజ్ఞచే తూర్పుననున్న ఉదయగిరి దుర్గమునుండి పరిపాలన సాగించెను. అతని పేరు నేటికిని నిలిచియుండుటకు కారణము యుద్ధము గాదు, ఒక చెరువు.

అది కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు. దానికి అనంతరాజసాగరమని పేరు. కొండలను కట్టలతో కలుపు ఆ పనికి దినమునకు 1000 మంది కూలీలు, రాయి తోలుటకు 100 బండ్లు కావలసివచ్చెను. పని 2 ఏండ్లు సాగెను. 1369వ సంవత్సరపు శాసనములో ఈ లెక్కలు గలవు. జలదానపుణ్యము నాశించి అతడు పూనుకొన్నట్లు అందే చెప్పబడినది. పుణ్యము మాట అటుండగా, మనకు మిక్కిలి పనికివచ్చునది అందు వేరొకటి గలదు. మంచి చెరువునకు కావలసిన 12 సాధనములను, చెరువును చెరచు 6 దోషములను భాస్కరుడు రాతిపై చెక్కించెను. జలశాస్త్రమెరిగిన విప్రుడు, గట్టి బంకనేల, తీయని నీటి యేరు, పనితనము గల కూలిజనము సాధనములలోనివి. దోషములలో మొదటిది కట్టనుండి నీరూరుట, రెండవది చవుటినేల.

చవుడు పైరునకు చేటని మన రైతులకు చెప్పనక్కరలేదు. కట్టకు చేటెట్లు? చవుటిమంటిలో సోడియము హెచ్చు. సామాన్యముగా బంకమంటి రేణువులు ఒకదానినొకటి పట్టుకొనియుండును. సోడియము హెచ్చిన మన్ను మంచినీరు తగిలినంతనే విడిపోయి నీటిలో కలిసిపోవును. సన్నని ఊట ఆ రేణువులను దినదినము మోసికొనిపోయి, కట్ట కడుపులో సొరంగము చేయును. పైన గడ్డి పచ్చగనే యుండును! ఊట తేటగా నున్నంతవరకు కనిపెట్టియుండవచ్చును గాని, బురదయైననాడు రాత్రియని చూడక ఊరిని లేపవలెను.

కాంక్రీటు కట్టడములకును ఈ భయము తప్పదు. కాలిఫోర్నియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట 1928 మార్చి 12 అర్ధరాత్రివేళ తెగి 400 మందికి పైగా మరణించిరి. దాని పునాదిలో ఒకవైపు రాతియందు జిప్సము ఉండెను. ఆ రాయి నీటిలో నానిన మెత్తబడునది. రెండవవైపు కొండచరియ జారెను. క్రింద జొచ్చిన నీరు ఆనకట్టను పైకి ఎత్తెను. ఆ నేల గుణమును ముందుగా తగినంత పరీక్షింపలేదు.

భాస్కరుని చెరువు 650 ఏండ్లు దాటి నిలిచినది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానిని ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చెను.