మెట్రిక్ రెండుసార్లు తప్పారు.. క్యాన్సర్‌కు మందు చూపారు!

డిగ్రీలో బ్యాక్‌లాగ్‌లు మిగిలాయా? ఇంటర్వ్యూలో చివరి రౌండ్ దాకా వెళ్లి వెనక్కొచ్చేశారా? తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో బీఎస్సీ, బీఫార్మసీ చదువుతూ ఈ సబ్జెక్టులకు ఉద్యోగాలెక్కడివని దిగులుపడుతున్నారా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు జీవితం మీరు ఒకసారి చదవాల్సిందే. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు చూసే ఉంటారు. ఆ పేరు వెనకున్న ఓటములు మాత్రం చాలామందికి తెలియవు.

తప్పిన పరీక్షలు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా పూర్తిస్థాయి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సర్కారీ వైద్య ఉద్యోగం దక్కలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు చనిపోయారు. అదే జబ్బు ఆయన్నూ కుదిపేసింది. మందు వెతకాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

రాత్రి ఆసుపత్రి పని.. పగలు ల్యాబ్

1920ల మొదట్లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశారు. మన పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. అందుకే ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించారు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మీరు చేసే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఇదే! కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పినవారిలోనూ ఆయన ఉన్నారు. ఇన్ని చేసినా హార్వర్డ్‌లో శాశ్వత కొలువు రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు.

ఆయన అసలు పంట పండింది అక్కడే. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు పనిచేసే విటమిన్ అది. ఆ అణువునే కొద్దిగా మార్చి, క్యాన్సర్ కణానికి ఫోలేట్ అందకుండా అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేశారు. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను బ్లడ్ క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. మళ్లీ స్వదేశం చూడనే లేదు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం కృషే.

ఇప్పుడు మీకెందుకు?

ఫోలేట్ కథ అక్కడితో ఆగలేదు. మన డీఎన్‌ఏలో సైటోసిన్ అనే అక్షరం మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు అతుక్కుంటుంది. దీన్నే మిథైలేషన్ అంటారు. అక్షరం మారదు గానీ, జన్యువు పనిచేయాలా, ఆగాలా అన్నది చాలాచోట్ల ఈ గుర్తును బట్టి ఉంటుంది. ఆ మిథైల్ సరఫరాలో ఫోలేట్‌ది ముఖ్య పాత్ర.

ఎండ బాగా తగిలే చర్మంలో ఈ గుర్తులు చెదిరిపోతాయని పరిశోధనల్లో తేలింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో కణవిభజనకు బ్రేకు వేసే పీ16 లాంటి జన్యువులు కొన్నిసార్లు మిథైల్ గుర్తులతో మూగబోతాయి. ఈ గుర్తులు చదివి ముప్పు ఎవరికుంది, జబ్బు ఎంత ముదిరిందో ముందే పసిగట్టాలన్నది శాస్త్రవేత్తల ప్రయత్నం. ఇదింకా చాలావరకు పరిశోధన దశలోనే ఉంది. అంటే, పని మిగిలే ఉంది.

దారులివీ..

* బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి గాట్-బి, ఐఐటీల్లో సీటుకు జామ్ రాయొచ్చు.
* బీఫార్మసీవారు ఎంఫార్మసీలో స్టైపెండ్ కోసం జీప్యాట్‌కు సిద్ధమవ్వాలి.
* ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు.
* మిథైలేషన్ పరిశోధనలో డేటా గుట్టలుగా వస్తుంది. ఆర్ గానీ పైథాన్ గానీ ఒకటి నేర్చుకోండి.

ఈసారి నోటిఫికేషన్ వచ్చేలోపు ఓ పని చేయండి. ఫోలేట్ నుంచి డీఎన్‌ఏ దాకా మిథైల్ ఎలా చేరుతుందో పుస్తకం చూడకుండా కాగితం మీద గీయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టండి.